బడికి ముందు బాక్సు మూత: మేధో వైకల్యం ఉన్న బిడ్డను బెంగళూరులో మామూలు బడికి పంపడం ఎలా

మావాడిని ఒకటో తరగతిలో వేసేముందు ఏడాదంతా పలక పట్టుకుని కూర్చున్నాం. ఇంగ్లిష్ అక్షరాలు ఏ నుంచి ఎం దాకా వచ్చాయి. తెలుగులో అ, ఆ గుర్తుపట్టేవాడు. మొదటి రోజు సాయంత్రం బ్యాగు తెరిస్తే టిఫిన్ బాక్సు పొద్దున సర్దింది సర్దినట్టే ఉంది. నాలుగు వైపులా క్లిప్పులున్న కొత్త బాక్సు. ఇంట్లో ఎప్పుడూ మా అమ్మే తీసి పెట్టేది. వాడికి మూత తీయడం రాదన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఆ రోజంతా వాడిని ఒక్క అక్షరం కూడా ఎవరూ అడగలేదు. ఆకలితో ఏడిచాడు, బడిలోవాళ్ళు మొండితనం అనుకున్నారు.

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. వాడికి డౌన్ సిండ్రోమ్, అంటే ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండి పుట్టుకతోనే వచ్చేది. ఇప్పుడు పదేళ్ళు, నాలుగో తరగతి. మీ బిడ్డకు మరో కారణం వల్ల మేధో వైకల్యం ఉండవచ్చు, అసలు కారణమే తేలకపోయి ఉండవచ్చు. కింద రాసిన పనులు మాత్రం దాదాపు అందరికీ ఒకటే.

దసరాకు ముందే మొదలుపెట్టండి

ఇక్కడ బడులు తెరిచేది జూన్ దరిదాపుల్లో. కానీ చాలా ప్రైవేటు బడుల్లో అడ్మిషన్ల సందడి దసరా, దీపావళి నాటికే మొదలవుతుంది. కాబట్టి కాగితాల పని అంతకుముందు జూలై, ఆగస్టుల్లోనే పెట్టుకోండి.

మొదట చెవులు, కళ్ళు చూపించండి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గడం చాలా మామూలు. వినపడక పలకని బిడ్డను మాట వినని బిడ్డ కింద జమకట్టేస్తారు. థైరాయిడ్, గుండె సంగతి మీ డాక్టర్ చూస్తూనే ఉంటారు. మెడ ఎముకల గురించి కూడా ఒకసారి అడగండి. కొందరిలో మెడ కీలు వదులుగా ఉంటుంది, అలాంటివాళ్ళతో పీటీ క్లాసులో పిల్లిమొగ్గలు వేయించకూడదు. ఫిట్స్ వచ్చే పిల్లలైతే మందు పేరు, మోతాదు, ఫిట్ వచ్చినప్పుడు ఏం చేయాలో డాక్టర్ చేత రాయించుకోండి.

తర్వాత అసెస్‌మెంట్, అంటే బిడ్డ తెలివితేటలు, సామర్థ్యాలు కొలిచే పరీక్షలు. ఇక్కడి పెద్ద మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. హోసూరు రోడ్డు మీద ఆ ఆవరణలో అడుగుపెడితే చుట్టూ తెలుగే వినిపిస్తుంది, సగం రాయలసీమ అక్కడే ఉన్నట్టుంటుంది. పొద్దున్నే వెళ్ళండి. ఒక్క రోజులో తేలే పని కాదు, ఇద్దరిలో ఒకరు సెలవులు మిగుల్చుకోవాలి. ఐక్యూ పరీక్షతో పాటు రోజువారీ పనులెలా చేసుకుంటాడో కొలిచే వైన్‌ల్యాండ్ స్కేల్ కూడా వేస్తారు. అందులో ప్రశ్నలు బిడ్డను కాదు, మిమ్మల్ని అడుగుతారు: తనే తింటాడా, గుండీలు పెట్టుకుంటాడా, బాత్రూముకు చెప్పి వెళ్తాడా. ప్రేమకొద్దీ పెంచి చెప్పొద్దు, సర్టిఫికెట్ కోసం తగ్గించి చెప్పొద్దు.

ముఖ్యమైన సంగతి ఒకటుంది. పరీక్ష బిడ్డకు వచ్చిన భాషలో జరగాలి. మావాడికి మొదట ఒక క్లినిక్‌లో ఇంగ్లిష్‌లో పెట్టారు. బొమ్మ చూపించి 'వేర్ ఈజ్ ద కౌ?' అంటే దిక్కులు చూశాడు. 'ఆవేదిరా?' అని నేను అన్నాక వేలు పెట్టాడు, కానీ పరీక్ష పెట్టినావిడ దాన్ని లెక్కలో వేయలేదు. బెంగళూరులో తెలుగు వచ్చిన సైకాలజిస్టులు దొరకడం కష్టం కాదు. ఫోన్‌లోనే అడిగి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీ బిడ్డకు ఐదేళ్ళు నిండకపోతే రిపోర్టులో మేధో వైకల్యం అని కాకుండా గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే, అంటే ఎదుగుదల అన్ని వైపులా ఆలస్యం అని ఉండవచ్చు. కంగారు పడకండి, చిన్న వయసులో అలాగే రాస్తారు. అయితే ఐదు దాటాక మళ్ళీ పరీక్ష చేయించాలి.

వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) రెండింటికీ స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో అప్లై చేయవచ్చు. ఆంధ్రాలోనో తెలంగాణలోనో సదరం క్యాంపులో తీసుకున్న సర్టిఫికెట్ ఉంటే కర్ణాటకలో చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి. చట్టప్రకారం ఇచ్చిన వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. అందులో వైకల్య శాతం 40, అంతకు మించి ఉంటేనే చాలా హక్కులు వర్తిస్తాయి. మేధో వైకల్యం ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా కూడా ఉంది, లక్ష రూపాయల దాకా. థెరపీ ఖర్చులకు కొంత ఆసరా.

చట్టం జేబులో ఉంచుకోండి

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని దాని 16వ సెక్షన్ చెబుతుంది. 6 నుంచి 18 ఏళ్ళ మధ్య, 40 శాతం, అంతకు పైబడిన వైకల్యం ఉన్న పిల్లలకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు 31వ సెక్షన్‌లో ఉంది. 2009 నాటి విద్యా హక్కు చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా.

ఇవన్నీ తెలుసుకోండి. కానీ మొదటి మీటింగులో ప్రిన్సిపాల్ ముందు సెక్షన్లు చదవకండి. నేను చదివాను. ఆవిడ నవ్వుతూ కాఫీ ఇప్పించి, 'మీ బాబుకి మేం న్యాయం చేయలేమండీ' అని పంపించేశారు. ఈ మాట మీకూ ఎదురవుతుంది. సీట్లు అయిపోయాయనీ, మా దగ్గర సదుపాయాల్లేవనీ కూడా అంటారు. అప్పుడు గొంతు పెంచకుండా 'ఆ ముక్క కాగితం మీద రాసి ఇవ్వండి మేడమ్' అనండి. రాసివ్వడానికి చాలామంది జంకుతారు. కొందరు ఆ మాటతోనే మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడతారు. రాసిస్తే మీ దగ్గర ఆధారం ఉన్నట్టే, బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసుకో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కో ఫిర్యాదు చేయవచ్చు. వద్దన్నవాళ్ళ మీద కొట్లాడి చేర్చడమా, రమ్మన్నవాళ్ళను వెతకడమా అన్నది మీ ఓపికను బట్టి. మేం వెతికాం. మూడో బడి రమ్మంది.

బడి చూడటమంటే బాత్రూమ్ చూడటం

దగ్గరి బడి చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు వ్యాన్‌లో కూర్చున్న బిడ్డ బడికి చేరేసరికే సగం ఖాళీ అయిపోతాడు. పేరున్న బడి పది కిలోమీటర్ల దూరంలో ఉండి, సుమారైన బడి పక్క వీధిలో ఉంటే నేనైతే పక్క వీధికే ఓటు వేస్తాను. పక్కింటి పిల్లలు అదే బడికి వెళ్తుంటే ఇంకా మేలు.

బడి విడిచే వేళకు ఒకరోజు గేటు దగ్గర ఊరికే నిలబడండి. వెనకబడిన బిడ్డను ఎవరు పట్టుకొస్తున్నారో, గట్టిగా ఏడ్చే బిడ్డతో టీచర్ ఎలా మాట్లాడుతుందో అక్కడ తెలుస్తుంది. బ్రోచర్‌లో 'ఇన్‌క్లూజివ్' అని పెద్ద అక్షరాలతో వేసుకున్న ఒక బడిలో రిసోర్స్ రూమ్ (ఇలాంటి పిల్లలకు విడిగా నేర్పే గది) చూపించమంటే తాళం చెవి కోసం పావుగంట వెతికారు. లోపల పాత కుర్చీలున్నాయి.

స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్) ఉన్నారా, వారంలో ఎన్ని రోజులు వస్తారు, ఎంతమంది పిల్లల్ని చూస్తారు అని అడగండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి, నంబర్ అడగడం తప్పేమీ కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రైమరీలో పది మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క చాలా చోట్ల కాగితం మీదే ఉంది. బిడ్డను క్లాసులోంచి రోజుకు ఎన్ని పీరియడ్లు బయటికి తీసుకెళ్తారో కూడా అడగండి. నాలుగైదు అంటే మామూలు బడిలో ఉన్న ప్రత్యేక బడి అని అర్థం.

ప్రభుత్వ బడిని చూడకుండానే కొట్టిపారేయకండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ప్రత్యేక పిల్లల కోసం టీచర్లుంటారు, బీఈఓ ఆఫీసులో అడిగితే చెబుతారు. కన్నడ మీడియం అన్నదొక్కటే మన భయం. మావాడు ఇంగ్లిష్ కంటే కన్నడమే ముందు పట్టుకున్నాడు, మన తెలుగుకు చెల్లెలు కదా.

షాడో టీచర్‌ను, అంటే క్లాసులో బిడ్డ పక్కనే ఉండి సాయం చేసే మనిషిని, పెట్టుకోమని చాలా బడులు షరతు పెడతాయి. జీతం ఎవరిస్తారో ముందే తేల్చుకోండి, మామూలుగా మన నెత్తినే పడుతుంది. ఉంటే నష్టం లేదు గానీ, ఆమె వాడి పక్కనే అతుక్కుని కూర్చుంటే మిగతా పిల్లలు దగ్గరికి రారు. మాకు దొరికిన అమ్మాయి మంచిదే, కానీ మూడు నెలల్లో వాడికున్న ఒకే ఒక్క స్నేహితురాలు ఆమే. క్లాస్ టీచర్‌తో మాట్లాడి ఆమెను రెండు బెంచీలు వెనక్కి జరిపాం. లెక్కల పీరియడ్‌లో తప్ప ముందుకు రావద్దన్నాం. పక్క సీటు ఖాళీ అయిన వారానికి అందులో ఒక పిల్లవాడు వచ్చి కూర్చున్నాడు.

వేసవి సెలవుల్లో చేయాల్సిన అసలు పని

ఏప్రిల్, మే రెండు నెలలూ పలకను పక్కన పెట్టండి.

మొదట బాక్సు. తేలిగ్గా ఊడే మూత ఉన్నది కొని, బడికి పంపబోయే ఆ బాక్సులోనే ఇంట్లో కూడా పెట్టండి. నేర్పేది చివరి నుంచి మొదలుపెట్టాలి. నాలుగు క్లిప్పులుంటే మూడు మీరు తీసి చివరిది వాడి చేత తీయించండి. మూత తెరుచుకోగానే లోపల వాడికిష్టమైనది కనపడాలి. మావాడికైతే చక్కెర దోశె. అది బాగా వచ్చాక రెండు క్లిప్పులు వదలండి, తర్వాత మూడు. మొదటి నుంచి నేర్పితే చేయలేక మధ్యలో విసిరేస్తారు. చివరి నుంచైతే ప్రతిసారీ పని పూర్తి చేసింది వాడే అవుతాడు. మావాడికి నాలుగు క్లిప్పులకు పందొమ్మిది రోజులు పట్టింది. క్యాలెండర్ మీద టిక్కులు పెట్టాం కాబట్టి లెక్క గుర్తుంది. ఇది బడి మొదలయ్యాక, బుద్ధొచ్చాక చేసిన పని. మీరు ముందే చేయండి.

బాత్రూమ్ కూడా ఇదే పద్ధతి. ప్యాంటు పైకి లాక్కోవడం ముందు, కిందికి దించడం తర్వాత. హుక్కులు, జిప్పులు తీయించి యూనిఫాం ప్యాంటుకు ఎలాస్టిక్ వేయించండి, టైలర్ అదే గుడ్డతో చేసిస్తాడు. బడిలో ఉన్నది ఇండియన్ టైపా, వెస్టర్న్ టైపా చూసి రండి. ఇంట్లో ఒకటి, బడిలో ఇంకొకటి అయితే బిడ్డ సాయంత్రం దాకా బిగబట్టుకుంటాడు. అడిగే మాట ఒకటే ఉండాలి, ఇంట్లో అందరూ అదే వాడాలి. మేం ఇంట్లో 'ఉచ్చ' అంటాం. కన్నడంలో 'ఉచ్చె' కాబట్టి ఆయమ్మకు వెంటనే అర్థమైంది, ఇంగ్లిష్ మిస్సుకే అర్థం కాలేదు. మాట రాని పిల్లలకు బాత్రూమ్ బొమ్మ ఉన్న కార్డు ఒకటి మెడలోనో బెల్టుకో తగిలించండి. తనను ఎవరు కడగవచ్చు, ఎవరు తాకకూడదు అన్నది కూడా ఈ సందర్భంలోనే నేర్పాలి. బడిలో ఆ పనికి ఎవరు వెళ్తారో పేరుతో సహా తెలుసుకోండి.

యూనిఫాం రెండుసార్లు ఉతికి మెత్తబడ్డాక రోజూ ఓ గంట ఇంట్లో తొడగండి. బూట్లు లేసులు లేనివి. బడి గంట పెద్దగా మోగుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి, మొదట చిన్నగా, తర్వాత పెద్దగా వినిపించండి. సెలవుల్లోనే వారానికి రెండుసార్లు గేటు దాకా నడిపించి, సెక్యూరిటీ అంకుల్‌కు నమస్కారం పెట్టించండి.

బడి ఇంగ్లిష్‌లో, ఆట కన్నడంలో, ఇల్లు తెలుగులో. 'ఇన్ని భాషలు వద్దు, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి' అని మాకూ సలహా ఇచ్చారు. వినలేదు. రెండు భాషలు వినడం వల్ల ఈ పిల్లల మాట వెనకబడుతుందన్నది నిజం కాదు. పైగా మా అమ్మకు ఇంగ్లిష్ రాదు, వాడితో రోజంతా మాట్లాడేది ఆవిడే. ఇంట్లో తెలుగు అలాగే ఉంచి, కన్నడం మూడు మాటలు నేర్పండి: బేకు, బేడ, సాకు. కావాలి, వద్దు, చాలు. ఆ మూడింటితో మావాడు మొదటి ఏడాది మధ్యాహ్న భోజనాలన్నీ గడిపేశాడు.

ఒక్క పేజీ కాగితం

పన్నెండు పేజీల రిపోర్టు క్లాస్ టీచర్ చదవదు, ముప్ఫై అయిదు మంది పిల్లలతో ఆమెకు తీరికేది? ఒకే ఒక్క పేజీ రాసివ్వండి. ఇంగ్లిష్‌లో ఒకటి, ఆయమ్మ కోసం కన్నడంలో ఒకటి. మేం ఇచ్చినదాంట్లో ఇలా ఉంది:

'బుజ్జీ అని పిలిస్తే తొందరగా తిరుగుతాడు. ఒక మాట చెప్పి, మనసులో పది లెక్కపెట్టండి, అప్పుడు జవాబు వస్తుంది. చెప్పడం కంటే చేసి చూపిస్తే త్వరగా పట్టుకుంటాడు. చెవులు రెండు చేతులతో మూసుకుంటే శబ్దం ఎక్కువైందని అర్థం, వరండాలో రెండు నిమిషాలు నిలబెట్టండి. కింద కూర్చుని లేవకపోతే చేయి పట్టి లాగవద్దు, 'నీళ్ళ బాటిల్ తెస్తావా?' అని పని చెప్పండి, లేస్తాడు. తినడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పిల్లిమొగ్గలు వేయించవద్దు. డస్టర్‌తో బోర్డు తుడవడం, పుస్తకాలు పంచడం చాలా ఇష్టం.'

చివరి వాక్యాన్ని మరిచిపోకండి. టీచర్ ఆ వారమే వాడికి పుస్తకాలు పంచే పని ఇచ్చింది. దాంతో నలభై రోజుల్లో క్లాసులో అందరి పేర్లూ వచ్చేశాయి.

మొదటి నెల

మొదటి రెండు వారాలు సగం పూటే ఉంచుతామని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. అయితే పూర్తి పూట ఎప్పటి నుంచో తేదీ కూడా అప్పుడే అనుకోండి. లేకపోతే ఆ సగం పూటే ఏడాదంతా సాగుతుంది. గేటు దగ్గర వదిలేటప్పుడు దొంగచాటుగా మాయం కాకండి. చెప్పి, చెయ్యి ఊపి, వెనక్కి తిరక్కుండా వచ్చేయండి. ఆ వెనక్కి తిరక్కుండా రావడం నాకు చేతకాక మా ఆవిడకు అప్పగించాను.

సాయంత్రం 'ఎలా ఉన్నాడు మిస్?' అని అడిగితే 'గుడ్ సార్' అంటారు. దానివల్ల మనకేం తెలుస్తుంది? డైరీలో మూడు గళ్ళు గీసి ఇవ్వండి: తిన్నాడా, బాత్రూముకు వెళ్ళాడా, ఎవరి పక్కన కూర్చున్నాడు. టిక్కు పెట్టడానికి పది సెకన్లు చాలు.

'వచ్చి తీసుకెళ్ళండి' అని ఫోన్లు వస్తే తేదీ, టైము, కారణం రాసిపెట్టుకోండి. మాకు రెండో వారం నుంచి దాదాపు రోజూ పదకొండు గంటలకు ఫోన్. ఏడుస్తున్నాడు, కొడుతున్నాడు. ఎనిమిది రోజుల లెక్క రాశాక టైము ఒకటేనని కనిపించింది. ఆయమ్మను అడిగితే ఆమె చెప్పింది: పది నలభైకి చిన్న బ్రేక్, పది నిమిషాలే. వాడు క్లిప్పులు తీసి, సగం దోశె తినేసరికి బెల్లు. నోట్లో ఉండగానే బాక్సు మూసేస్తున్నారు. ఆ మర్నాటి నుంచి చిన్న బ్రేక్‌కు అరటిపండు పెట్టాం, దోశె మధ్యాహ్నానికి మార్చాం. ఫోన్లు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ మాత్రం థెరపీ పనిచేసిందనుకున్నారు, మేమూ కాదనలేదు. దసరాకు ఆయమ్మకు చీర పెట్టాం.

తోటి పిల్లలు అడుగుతారు, 'ఆంటీ, వీడెందుకు సరిగ్గా మాట్లాడడు?' అని. కసురుకోకండి, కథలు అల్లకండి. 'వాడికి నేర్చుకోవడానికి ఎక్కువ టైము పడుతుంది, నిదానంగా చెబితే అర్థమవుతుంది' అంటే పిల్లలకు చాలు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మేం చెప్పలేదు, వాళ్ళ పిల్లలే వాళ్ళకు చెప్పారు.

చదువు సంగతి ఇప్పుడు

ఆగస్టుకల్లా స్పెషల్ ఎడ్యుకేటర్, క్లాస్ టీచర్, మీరు కూర్చుని ఐఈపీ రాసుకోవాలి. వాడొక్కడి కోసం వేసుకునే చదువు ప్లాను అది. 'చదువులో మెరుగవుతాడు' అని రాస్తే సంతకం పెట్టకండి. 'అక్టోబరు లోపు పది దాకా వస్తువులు ఎంచుతాడు, నాలుగుసార్లలో మూడుసార్లు సరిగ్గా' అని ఉండాలి. మూడు, నాలుగు లక్ష్యాలు చాలు, అందులో ఒకటి చదువుకు సంబంధం లేనిది పెట్టండి.

కర్ణాటకలో 2015 చట్టం వల్ల సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడుల్లో కూడా కన్నడం నేర్చుకోవాలి. ఇంగ్లిష్, హిందీ కలిపితే మూడు భాషల బరువు. సర్టిఫికెట్ జత చేసి, భాషల్లో సడలింపు కోరుతూ మొదటి టర్మ్‌లోనే లెటర్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పెద్ద క్లాసుల్లో సీబీఎస్ఈ ఇలాంటి పిల్లలకు రెండు భాషల బదులు ఒక్కటే తీసుకోనిస్తుంది, రాయడానికి సహాయకుడిని, అదనపు సమయాన్ని ఇస్తుంది. బడికి రోజూ వెళ్ళకుండా పరీక్షలు రాసే ఓపెన్ స్కూల్ దారి కూడా ఉంది. ఒకటో తరగతి బిడ్డ కోసం పదో తరగతి టెన్షన్ ఇప్పుడే మోయకండి. కాగితాలు మాత్రం ఇప్పటి నుంచే ఒక ఫైలులో పెట్టండి.

ఒక టర్మ్ మొత్తం గడిచినా రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నా, వచ్చిన మాటలు పోతున్నా, బాత్రూమ్ అలవాటు వెనక్కి వెళ్ళినా బడి మార్చడం గురించి ఆలోచించండి. ప్రత్యేక బడికి వెళ్ళడం ఓడిపోవడం కాదు. ఆ ఎంపిక చట్టమే మీ చేతుల్లో పెట్టింది. మా వీధిలో ఇంకో తెలుగు కుటుంబం వాళ్ళమ్మాయిని రెండేళ్ళ తర్వాత అలాగే మార్చారు. ఇప్పుడా అమ్మాయి నవ్వుతూ వ్యాన్ ఎక్కుతుంది.

బాగా సాగుతుంటే మార్చి నెలలో ఒక పని గుర్తుపెట్టుకోండి. క్లాసుతో పాటు టీచర్ మారతారు, ఒక్కోసారి ఆయమ్మ కూడా మారుతుంది. ఆ ఒక్క పేజీ కాగితాన్ని తిరగరాసి, సెలవులిచ్చే లోపే కొత్త టీచర్ చేతికివ్వండి. కొత్త క్లాసు రెండో అంతస్తులో అయితే పైకెక్కి బాత్రూమ్ ఎటుందో, తలుపు గడియ ఎంత ఎత్తులో ఉందో చూసి రండి. మావాడికి మూడో తరగతిలో గడియ అందలేదు, మేస్త్రీని పిలిచి అర అడుగు కిందికి దింపించారు.